తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?



"రైలు టికెట్టు బుక్ చేసుకోవాలి, నీ ఖాతా పాస్‌వర్డ్ చెప్పు" అని పక్క సీటులోని ఉద్యోగి అడుగుతాడు. "నీ ఈమెయిల్ ఒకసారి తెరిచి చూపించు" అని పై అధికారి అంటాడు. కాదంటే, "మా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అనే నిష్ఠూరం తప్పదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలు ఆ నిష్ఠూరానికి జంకి చెప్పేస్తారు. మరికొందరు, ఎవరూ అడగకుండానే, సొంత బ్యాంకు ఖాతాను ఆఫీసు కంప్యూటర్లో తెరిచి, పాస్‌వర్డ్ అందులోనే వదిలి ఇంటికి వస్తారు. ఇది కేవలం జాగ్రత్తకు సంబంధించిన విషయమా, లేక మంచి చెడ్డలకు సంబంధించినదా? ఈ వారం నిదానంగా ఆలోచిద్దాం.

అసలు కంప్యూటర్ పాస్‌వర్డ్ పుట్టిందే పదిమంది కలిసి పనిచేసే చోట. 1960ల తొలి సంవత్సరాలలో, అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకే కంప్యూటరును అనేకమంది వాడుకునే ఏర్పాటు చేసింది. ఎవరి ఫైళ్లు వారికే ఉండాలని ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాలక, అందరి పాస్‌వర్డ్‌లున్న ఫైలును అచ్చు తీయించుకున్నాడు. 1966లో పొరపాటున ఆ జాబితా లాగిన్ అయిన ప్రతివారి ముందూ ప్రత్యక్షమైంది. తాళం పుట్టిన నాలుగైదేళ్లలోనే రెండు సంగతులు తేలిపోయాయి. తలుపు తీసేది బయటి దొంగే కానక్కరలేదు. ఎవరికీ దురుద్దేశం లేకపోయినా రహస్యం బయటపడవచ్చు.

నేటి ఆఫీసుల సంగతి చూద్దాం. కంప్యూటర్, వైఫై, నెట్‌వర్క్ అన్నీ సంస్థవే. బ్రౌజర్లో తాళం గుర్తు కనబడితే మనం పంపేది దారిలో ఎవరూ చదవలేరని అనుకుంటాం. సొంత ఫోనులో అది చాలావరకు నిజమే. కాని ఆఫీసు కంప్యూటర్లో సంస్థ తన సొంత డిజిటల్ ధ్రువపత్రాన్ని ముందే అమర్చి ఉండవచ్చు. అప్పుడు మీరు పంపే సమాచారాన్ని సంస్థ యంత్రం మధ్యలో విప్పి, చూసి, మళ్లీ మూసి పంపగలదు. తాళం గుర్తు మాత్రం యథాప్రకారం కనబడుతూనే ఉంటుంది. వైరస్‌లను పట్టుకోవడానికి, తమ రహస్యాలు బయటికి పోకుండా చూసుకోవడానికి అనేక సంస్థలు ఈ పని చేస్తాయి. తన ఇంటికి కాపలా పెట్టుకునే హక్కు యజమానికి ఉంది. అయితే ఆ కాపలావాడి కంటికి మన ఇంటి తాళంచెవి కూడా కనబడుతుందేమోనని ఆలోచించవలసింది మనమే.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. మీ ఖాతా మీ ఒక్కరిది కాదు. ఆ బ్యాంకు ఖాతాలో తండ్రిగారి మందుల డబ్బు ఉంది, చెల్లెలి కాలేజీ ఫీజు ఉంది. ఆ ఈమెయిల్‌లో, మిమ్మల్ని మాత్రమే నమ్మి ఒక స్నేహితురాలు రాసుకున్న కష్టం ఉంది. పైగా "పాస్‌వర్డ్ మరచిపోయాను" అని నొక్కితే చాలా ఖాతాలకు కొత్త తాళం వచ్చేది ఈమెయిల్‌కే. ఆ ఒక్కటి ఇస్తే దాదాపు అన్నీ ఇచ్చినట్లే. కాబట్టి పాస్‌వర్డ్ ఇచ్చివేయడం ఉదారగుణం కాదు. ఇతరులు మన దగ్గర దాచుకున్నదాన్ని వారిని అడగకుండా పంచిపెట్టడమే.

మరి చెప్పనంటే అబద్ధమాడినట్లా? తోటివారిని అవమానించినట్లా? కాదు. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం, అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించే ఎనిమిదవ ఆజ్ఞను వివరించే చోటనే, తెలుసుకునే హక్కు లేనివారికి సత్యాన్ని వెల్లడించే బాధ్యత మనకు లేదని కూడా బోధిస్తుంది. స్నేహితుడికి టికెట్టు కావాలంటే మీరే బుక్ చేసి ఇవ్వండి. సాయమూ అందుతుంది, తాళంచెవీ మీ దగ్గరే ఉంటుంది. నిజమైన స్నేహితుడు అంతకుమించి అడగడు.

ఇప్పుడు అధికారులుగా, యజమానులుగా ఉన్న పాఠకులకు ఒక మాట. చూడగలిగే శక్తి ఉన్నంత మాత్రాన చూసే హక్కు రాదు. రొమేనియాలో బర్బులెస్కు అనే ఉద్యోగి, ఆఫీసు పనికోసం తెరిచిన యాహూ మెసెంజర్‌లో తనకు కాబోయే భార్యతో, సోదరుడితో సొంత మాటలు మాట్లాడాడని 2007లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. సంస్థ ఆ మాటలన్నీ చదివింది. 2017 సెప్టెంబరులో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం, అతని ఏకాంత జీవితానికి తగిన రక్షణ లభించలేదని తీర్పు చెప్పింది. ఎంతవరకు పరిశీలిస్తారో ఉద్యోగికి ముందుగా తెలియాలన్నది అందులోని ముఖ్యాంశం. అదే ఏడాది ఆగస్టులో మన సుప్రీంకోర్టు కూడా, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో, వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించింది. ఇక ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడుకుంటే, మన సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

అట్లని ఉద్యోగికి బాధ్యత లేదని కాదు. జీతమిచ్చే సమయం, యంత్రం సంస్థవి. సొంత పనులు సొంత ఫోనులో, సొంత డేటాతో, విరామ సమయంలో చేసుకోవడం ఇద్దరికీ న్యాయం. ఆఫీసు కంప్యూటర్లో పాస్‌వర్డ్‌ను దాచమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దనండి. ఆఫీసుకు ఒకటి, ఇంటికి వేరొకటి పెట్టుకోండి. బ్యాంకుకు, ఈమెయిల్‌కు పాస్‌వర్డ్‌తోపాటు ఫోనుకు వచ్చే రెండో అనుమతి కూడా ఉంచండి. ఇదివరకే ఎవరికైనా చెప్పి ఉంటే ఈ రోజే మార్చండి. ఉద్యోగం మారేటప్పుడు మీ ఖాతాలన్నింటినుంచి బయటికి వచ్చి, ఆ తరువాతే కంప్యూటర్ అప్పగించండి.

ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ పిల్లలతో ఈ విషయం మాట్లాడండి. పై అధికారి అడిగినా "క్షమించండి సార్, అది చెప్పలేను" అని మర్యాదగా అనే ధైర్యం వారికి ఇంట్లోనే అలవడాలి. వారు అలా అన్న రోజున, తల్లిదండ్రులుగా మీరు వారి పక్షాన నిలబడండి.