సంఖ్య, సమ్మతి, హక్కు: ప్రజాస్వామ్యంలో అధికసంఖ్యాక నిర్ణయానికి గల నైతిక పరిధి

తెలుగులో ‘మైనారిటీ’ అనే ఎరువుమాటకు రెండు వాడుకలున్నాయి. ‘మైనారిటీ తీరింది’ అన్నప్పుడు అది వయసుకు సంబంధించినది. ‘మైనారిటీలు’ అన్నప్పుడు జనసంఖ్యకు సంబంధించినది. మొదటిది కాలంతోపాటు తీరిపోతుంది. రెండవది తీరుతుందా అన్నది ప్రజాస్వామ్య చింతనలో ఒక మౌలిక ప్రశ్న. సమానార్థకంగా స్థిరపడిన ‘అల్పసంఖ్యాకులు’ అనే మాటలో మరొక చిక్కు ఉంది. ‘అల్ప’ శబ్దం ఇక్కడ పరిమాణాన్నే చెప్పినా ‘అల్పుడు’, ‘అల్పబుద్ధి’ వంటి ప్రయోగాలలో హీనతను సూచిస్తుంది. సంఖ్యలో తక్కువైనవారు విలువలోనూ తక్కువవారనే భావనకు భాషలోనే చోటు ఏర్పడినట్లయింది. సంఖ్యకూ హక్కుకూ గల సంబంధాన్ని భారతీయ అనుభవం నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అధికసంఖ్యాక నిర్ణయం కేవలం బలప్రదర్శన కాదు. ప్రతి పౌరుని ఓటుకూ సమానమైన విలువ ఉన్నప్పుడు, తక్కువమంది మాట నెగ్గితే వారి ఓటుకు ఎక్కువ విలువ కట్టినట్లవుతుంది. కాబట్టి మెజారిటీ సూత్రానికి పునాది సమానత్వమే. ఓడినవారు ఫలితానికి సమ్మతించడానికి మరొక కారణం కూడా ఉంది. వాదించి, ఒప్పించి, తరువాతి ఎన్నికలలో తామూ నెగ్గగలమన్న ఆశ అది. ఆ పక్షపు మైనారిటీ తీరగలదు. మతం, కులం వంటి జన్మతః సంక్రమించే విభజనలే నిర్ణయాలకు ప్రాతిపదిక అయినచోట ఈ ఆశకు తావుండదు. అంబేద్కర్ 1955లో వెలువరించిన ‘థాట్స్ ఆన్ లింగ్విస్టిక్ స్టేట్స్’లో రాజకీయ మెజారిటీని సాముదాయిక మెజారిటీ నుంచి వేరు చేసి చూపారు. మొదటిది అభిప్రాయాలతో రూపొందుతుంది, ఎవరైనా అందులో చేరవచ్చు. రెండవది పుట్టుకతో నిర్ణయమవుతుంది, బయటివారికి అందులో ప్రవేశం లేదు. అంతకుముందే, 1948 నవంబర్ 4న రాజ్యాంగసభలో మాట్లాడుతూ, వివక్ష చూపకుండా ఉండవలసిన బాధ్యత మెజారిటీదేనని ఆయన గుర్తు చేశారు.

ఈ వివేచనకు కేరళలో తలెత్తిన ఒక వివాదం మంచి నిదర్శనం. యెహోవా సాక్షులనే చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు పాఠశాలలో జాతీయగీతం పాడుతున్నప్పుడు లేచి గౌరవంగా నిలబడేవారు. మతవిశ్వాసం కారణంగా పాడేవారు కాదు. 1985లో వారిని పాఠశాల నుంచి తొలగించారు. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి సుప్రీంకోర్టు పక్షాన 1986లో ఆ తొలగింపును రద్దుచేస్తూ తీర్పు రాశారు. పాడి తీరాలని నిర్బంధించే చట్టమేదీ లేదనీ, తొలగింపు వాక్‌స్వాతంత్ర్యాన్నీ మతస్వేచ్ఛనూ భంగపరచిందనీ ధర్మాసనం నిర్ణయించింది. లెక్కలోకి రానంత చిన్న సమూహం సైతం రాజ్యాంగం నీడలో తన ఉనికిని నిలుపుకోగలగడమే నిజమైన ప్రజాస్వామ్యానికి పరీక్ష అన్నది ఆ తీర్పు సారం.

దీనికి విరుద్ధమైన తర్కం 2013లో అదే న్యాయస్థానంలో వినిపించింది. భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌ను సమర్థిస్తూ ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చూపిన కారణాలలో, స్వలింగసంపర్కులు తదితరులు జనాభాలో అత్యల్పభాగమే అన్నది ఒకటి. 150 సంవత్సరాలలో ఈ సెక్షన్ కింద విచారణకు గురైనవారు 200 మందికన్న తక్కువ అని కూడా ఆ తీర్పు పేర్కొంది. ఇక్కడ సంఖ్యాల్పత్వం రక్షణ కోరడానికి కారణం కాకుండా, రక్షణ నిరాకరించడానికి కారణమైంది. 2017 నాటి గోప్యతాహక్కు తీర్పులో ఈ తర్కం విమర్శకు గురైంది. 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకాభిప్రాయంతో, వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన సంబంధాలను ఆ సెక్షన్ పరిధి నుంచి తప్పించారు.

అయితే సంఖ్యలో తక్కువగా ఉండటమే హక్కుకు ఆధారమా? జమీందార్లు కూడా కొద్దిమందే. మద్రాసు శాసనసభ 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం చేసినప్పుడు విజయనగరం, వెంకటగిరి వంటి ఎస్టేట్లు అంతరించాయి. ఆ చట్టం నష్టపరిహారం చెల్లించి వారి ఆధిక్యాన్ని తొలగించిందే కాని, వారి పౌరసత్వాన్ని గాని, ఓటును గాని, విశ్వాసాన్ని గాని తాకలేదు. ఇతరుల శ్రమపై ఆధారపడిన ప్రత్యేకాధికారం వేరు, సమాజంలో సమాన సభ్యత్వం వేరు. మొదటిదాన్ని మార్చే అధికారం మెజారిటీకి ఉంది, రెండవదానిపై లేదు. కేరళ పిల్లలు కోరింది ఆధిక్యం కాదు, తరగతిగదిలో చోటు.

న్యాయమూర్తులు సైతం చేతులెత్తి లెక్కించుకునే తీర్పు చెబుతారు గదా, వారిని ప్రజలు ఎన్నుకోలేదు గదా అన్న ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చలేం. 2013 నాటి తీర్పు న్యాయస్థానాలూ పొరబడగలవని చూపింది. అయినా శాసనకర్త కారణం చెప్పకుండా ఓటు వేయవచ్చు. న్యాయమూర్తి కారణం రాయవలసి ఉంటుంది. రాసిన కారణాన్ని ఖండించవచ్చు. అయిదేళ్లలోపే ఆ తీర్పు చెల్లకుండా పోవడానికి దోహదం చేసిన అంశాలలో ఇది ముఖ్యమైనది.

కాబట్టి మైనారిటీ హక్కులు మెజారిటీ దయతో ఇచ్చే మినహాయింపులు కావు. ప్రతి ఓటుకూ సమాన విలువ ఉందన్న ప్రతిజ్ఞపైనే మెజారిటీ పాలన నిలిచి ఉంది. కొందరి సభ్యత్వాన్నే తగ్గించే నిర్ణయం ఆ ప్రతిజ్ఞను కాదంటుంది, దానితో తన అధికారానికి గల ఆధారాన్నే పోగొట్టుకుంటుంది. ఎవరు పాలించాలో, ఏ విధానం అమలు కావాలో సంఖ్య చెప్పగలదు. ఎవరు మనుషులుగా లెక్కకు వస్తారో చెప్పే అర్హత దానికి లేదు. ఆ లెక్క తేలిన తరువాతనే ఓట్ల లెక్కింపు మొదలవుతుంది.