అడుగుల్లో గోదారి

వానాకాలం వచ్చిందంటే భద్రాచలంలో పలకరింపే మారిపోతుంది. "ఎంతకొచ్చింది?" అంటే చాలు, అడిగేది గోదారి గురించేనని ఎదుటివాళ్లకు తెలుసు. జవాబూ అడుగుల్లోనే వస్తుంది.

43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏ సామాను అటకెక్కాలో, పశువుల్ని ఎప్పుడు మెరకకు తోలాలో లోతట్టు ఇళ్లవాళ్లు ఈ అంకెలు చూసే తేల్చుకుంటారు.

1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు ఎగసింది. ఆ ముంపు తర్వాత ఊరికి కరకట్ట వచ్చింది. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు! వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వేలమందిని పునరావాస కేంద్రాలకు తరలించారు.

కట్టతో ఓ చిక్కూ ఉంది. నది పొంగితే తూములు మూసేయాలి. మూస్తే ఊళ్లో కురిసిన వాన బయటికి పోదు. మోటార్లతో తోడి నదిలోకి పోయాల్సిందే. లేకుంటే రామాలయం పరిసరాల్లోనూ నీళ్లు నిలుస్తాయి.

వరద తీశాక అసలు చాకిరీ మొదలు. ఒండ్రు ఆరితే రాయిలా గట్టిపడుతుంది, అందుకే తడి మీదుండగానే గచ్చు, గోడలు కడుక్కోవాలి. మూలల్లో పాములున్నాయేమో చూసుకోవాలి. తాగే నీళ్లు కాచుకోవాలి. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి మళ్లీ పొంగుతున్నాయేమోనని ఓ చెవి వార్తలకే అప్పగించాలి.