స్టెల్త్ విమానాలు - స్తోమత ప్రశ్న

రాడార్‌కు సులువుగా చిక్కని 'స్టెల్త్' యుద్ధ విమానాలు కొనడం సమంజసమేనా, ఆ ధనంలో పేదల హక్కు లేదా అని కొందరు సోదరులు అడుగుతున్నారు. 2025 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు మన దేశానికి ఎఫ్-35లు అమ్మే మాట ఎత్తినప్పటి నుంచి ఈ ప్రశ్న కరీంనగర్, ఆదిలాబాద్ మస్జిదుల ముంగిళ్ళలోనూ వినిపిస్తోంది.

ఆయుధం సమకూర్చుకోవడమే తప్పని ఇస్లాం చెప్పదు. శత్రువు జంకేలా బలాన్నీ, యుద్ధాశ్వాలనూ సిద్ధం చేసుకోవాలన్న ఆజ్ఞ సూరా అన్ఫాల్ 60వ ఆయతులో ఉంది. శత్రువు జంకితే దాడికి రాడు, రక్తం చిందదు. చైనా 2017లోనే జె-20 స్టెల్త్ విమానాన్ని సైన్యంలో చేర్చుకుంది. మనం చేతులు కట్టుకు కూర్చోవాలనడం న్యాయం కాదు.

అయితే ఆ ఆజ్ఞ శక్తికొలదీ అన్న షరతుతో వచ్చింది. అక్కడి అరబీ క్రియ 'ఇస్తితాఅత్'కు చెందినది. హజ్ విధి గురించి ఆలి ఇమ్రాన్ 97వ ఆయతులోనూ అదే క్రియ. హజ్ విషయంలో ఫుఖహా స్తోమతను ఎలా లెక్కగట్టారు? అప్పులు తీర్చి, తిరిగి వచ్చేదాకా ఆలుబిడ్డల పోషణకు సరిపడా ఉంచాక మిగిలినదే స్తోమత. ఇంటిని పస్తులుంచి హజ్‌కు బయలుదేరమని ఏ ఆలిమూ చెప్పడు. దేశం స్తోమతనూ ఇలాగే కొలవాలని మా అభిప్రాయం. శత్రువు గుమ్మంలో నిలిచిన రోజు లెక్క వేరన్నది నిజమే. కానీ ఏళ్ళ తరబడి సాగే కొనుగోళ్ళకు ఆ అత్యవసరం వర్తించదు.

ఈ నేలకు ఇది కొత్త కాదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో 1918లో బ్రిటిష్ వారి 110వ స్క్వాడ్రన్‌కు బాంబర్ విమానాలు అమరాయి. అవి నిజాం కానుక అని వాటి మీదే రాశారు. సర్ఫెఖాస్ అన్నా, దివానీ అన్నా, ఆ సొమ్ముకు మూలం రైతు కట్టిన శిస్తే. రెండో ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ 'హైదరాబాద్' పేరు మోసింది. 1940లో దాని స్పిట్‌ఫైర్లు ఇంగ్లాండు ఆకాశాన్ని కాపాడుతున్నాయి. అదే 1940లో ఆదిలాబాద్ అడవుల్లో, జోడేఘాట్ వద్ద, గోండుల భూమి కోసం నిలబడిన కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. రాజ్యం స్తోమత ఎవరి కోసం ఖర్చయిందో పాఠకులే గ్రహించగలరు.

ధర ఒక్కటే చూసి లాభం లేదు. ఎఫ్-35 కోసం తుర్కియే వందకోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. రష్యా నుంచి ఎస్-400 క్షిపణులు తెచ్చుకుందన్న కారణంతో 2019లో అమెరికా దాన్ని ఆ పథకం నుంచే తప్పించింది. తాళంచెవి అమ్మినవాడి దగ్గరే ఉండే వస్తువు మన బలమెలా అవుతుంది? కనబడదన్న ధీమా కూడా సంపూర్ణం కాదు. 1999 మార్చిలో యుగోస్లావియా సైనికులు 1960ల నాటి రకం సోవియట్ క్షిపణితో అమెరికా ఎఫ్-117 స్టెల్త్ విమానాన్ని కూల్చారు.

హిజ్రీ 5లో మదీనా మీదికి దాదాపు పదివేల సేన వచ్చినప్పుడు, హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహా మీద దైవప్రవక్త (స) కందకం తవ్వించారు. పారలు, గంపలు, చెమట, అంతే ఖర్చు. ఆకలికి పొట్టమీద రాయి కట్టుకుని ఆయన స్వయంగా మట్టి మోశారు. శత్రుసేన దాన్ని దాటలేక వెనుదిరిగింది.

అందుకే, బయటి నుంచి కొనడం కన్నా ఇక్కడే నిర్మించడం మేలనిపిస్తుంది. మన సొంత స్టెల్త్ విమానం 'ఆమ్కా' రూపకల్పనకు 2024 మార్చిలో కేంద్రం సుమారు 15,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. నేర్చిన విద్య దేశంలోనే మిగులుతుంది. ఆ సొమ్ము కూడా ప్రజల అమానతే గనుక, ఏజెన్సీ గూడేల్లో రోడ్డు లేక రోగిని మంచం మీద మోసుకెళ్ళేవారికి దాని లెక్క అడిగే హక్కు ఉంది.