రహస్యము – అసత్యము

రాజ్యమునకు రహస్యము అవసరమే. కోటలో ధాన్యమెంత, సైన్యమెంత, రాయబారి ఎవరితో ఏమి మాటలాడుచున్నాడు అను సంగతులను వీధిలో చాటించు ప్రభువు తన ప్రజలనే శత్రువునకు అప్పగించినవాడగును. వేగులవారు రాజునకు కన్నులని పెద్దలు చెప్పుటకు కారణమిదియే. అయితే ఆ కన్నులు శత్రువు మీదినుండి మరలి స్వజనుల ఇండ్లలోనికి చూడసాగినప్పుడు, ఆ సంగతి తెలిసిన ఉద్యోగి ఏమి చేయవలెను? మౌనము వహించుట ధర్మమా? బయటపెట్టుట ధర్మమా? 2013వ సంవత్సరమున అమెరికాలో జరిగిన ఉదంతము ఈ ప్రశ్నను లోకము ముందు నిలిపినది.

ఎడ్వర్డ్ స్నోడెన్ అను ఇరువది తొమ్మిదేండ్ల యువకుడు ఒక కాంట్రాక్టు సంస్థ ద్వారా ఆ దేశపు జాతీయ భద్రతా సంస్థలో పనిచేయుచుండెను. అతడు అందించిన పత్రముల ఆధారముతో జూన్ 5న గార్డియన్ పత్రిక ఒక రహస్య న్యాయస్థానపు ఉత్తరువును ప్రకటించెను. వెరైజన్ అను టెలిఫోను సంస్థ తన ఖాతాదారుల ఫోను పిలుపుల వివరములను ప్రతిదినము ప్రభుత్వమునకు అందజేయవలెనని అందలి ఆజ్ఞ. ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు మాటలాడిరి అను లెక్క మాత్రమే అది. ఏమి మాటలాడిరో అందులో లేదు. అయినను ఒకడు ఏ వైద్యునకు, ఏ వకీలునకు, అర్ధరాత్రివేళ ఏ మిత్రునకు ఫోను చేసెనో తెలిసిన పిమ్మట అతని జీవితమున దాగునది ఎంత?

అంతకు మూడు మాసముల ముందు, మార్చి 12న, కోట్లకొలది అమెరికనుల వివరములను ఏ రూపముననైనను సేకరించుచున్నారా అని సెనేటు సభ్యుడు రాన్ వైడెన్ గూఢచార శాఖల అధిపతి జేమ్స్ క్లాపర్‌ను సభాసంఘము ఎదుట అడిగెను. లేదనియు, తెలిసి చేయుట లేదనియు క్లాపర్ బదులు చెప్పెను. పత్రములు వెలువడిన పిదప ఆ జవాబు తప్పని ఆయనయే ఒప్పుకొనెను. ఇచటనే ధర్మసూక్ష్మము కలదు. “ఇది చెప్పరాదు” అనుట రహస్యము. “ఇది లేదు” అనుట అసత్యము. మొదటిదానికి ప్రజలు అనుమతి ఇచ్చియున్నారు. రెండవదానికి ఇవ్వలేదు, ఇవ్వనూలేరు. తమకు తెలియనిదానికి ఎవరును సమ్మతింపజాలరు గదా!

ఈ వెల్లడి వలన దౌత్యమునకు నష్టము కలిగెననుట నిజము. జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ఫోనును సైతము ఆలకించినట్లు అక్టోబరులో వార్తలు వచ్చినవి. బ్రెజిల్ అధ్యక్షురాలు దిల్మా రూసెఫ్ తన వాషింగ్టన్ పర్యటనను వాయిదా వేసికొనెను. నిఘాకు గురియైన రాయబార కార్యాలయముల జాబితాలో భారతదేశము పేరు కూడ ఉన్నట్లు పత్రికలు వ్రాసినవి. కాని మిత్రుని ఇంట పొంచి విన్నవాని దోషమా ఇది, పొంచియున్నాడని చెప్పినవాని దోషమా? వైద్యుడు కట్టు విప్పి చూపినంతమాత్రమున పుండు అతని వలన పుట్టినదనరాదు.

అట్లని స్నోడెన్ చేసినదంతయు నిర్దోషమనుటయు పొసగదు. అతడు తీసికొనిపోయిన పత్రములలో అధికభాగము పౌరుల ఏకాంతమునకు సంబంధించినవి కావనియు, దేశరక్షణకు సంబంధించినవనియు అమెరికా ప్రతినిధుల సభ గూఢచార సంఘము 2016లో పేర్కొనెను. పరదేశములపై నిఘా ఉంచు విధానములు కూడ బయటపడినవి. జూన్ 23న అతడు హాంకాంగ్ నుండి మాస్కో చేరెను; 2022లో రష్యా పౌరసత్వము పొందెను. న్యాయస్థానము ఎదుట నిలువవలసినదని కొందరందురు. 1917 నాటి గూఢచర్య చట్టము క్రింద నేరము మోపబడినవానికి, ప్రజాహితము కొరకు చేసితినని వాదించుకొను అవకాశము లేదని మరికొందరందురు. రెండు మాటలును నిజమే.

ఫలితములను కూడ చూడవలెను. ఆ ఫోను లెక్కల పథకము ఉగ్రవాద దర్యాప్తులలో ఒక్కదాని ఫలితమునైనను మార్చినట్లు కనబడలేదని ప్రభుత్వము నియమించిన స్వతంత్ర మండలియే 2014 జనవరిలో తేల్చెను. చట్టము దానికి అధికారమీయలేదని 2015 మే 7న అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. జూన్ 2న కొత్త చట్టము ఆ మూకుమ్మడి సేకరణకు స్వస్తి చెప్పెను. కంచెయే చేను మేయుచున్నదని ఎవడో ఒకడు కేక వేయనిచో ఈ విచారణలు జరిగియుండునా?

మన దేశమునందును 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతము మౌలిక హక్కని తీర్పు చెప్పిరి. అవసరమైనప్పుడు దానిని పరిమితము చేయవచ్చును గాని, అందుకు చట్టము ఉండవలెను, న్యాయమైన ప్రయోజనము ఉండవలెను, మితము ఉండవలెను. ఈ కొలత రాజ్యమునకే గాక రహస్యమును వెల్లడించువానికిని వర్తించును. అన్యాయమును చూపుటకు ఎంత అవసరమో అంతయే అతడు వెలికి తీయవలెను. అంతకు మించినది సాహసమగును గాని ధర్మము కాదు.

రాజ్యమునకు అంతరంగము ఉండవచ్చును. అందు జరుగుదానిని అడుగు అధికారము గలవారు కొందరైనను ఉండవలెను. వారు అడిగినప్పుడు సత్యమే పలుకవలెను. ఆ ద్వారము మూసినచోట గోడలు బ్రద్దలగును. అప్పుడు లోపలి ధనముతోపాటు ఇంటివారి మానము కూడ వీధిపాలగును.