వేరుకు దిక్కు ఎవరు చెప్పారు? ఫెర్న్ మొక్క, ప్రహ్లాదుడు, మన పిల్లలు

ఓం నమో నారసింహాయ.

ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండగానే నారదుల వారి ఉపదేశం విన్న ఘట్టం ఈ వారం వీడియోలో చెప్పుకున్నాం. టైం సరిపోక అక్కడ చెప్పని ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నకు ఇందులో జవాబు ఉంది. "పిల్లాడు ఇప్పుడే ఆరో తరగతి. పొద్దున లేస్తే స్కూలు, సాయంత్రం ఫౌండేషన్ కోచింగ్. ఇప్పటి నుంచే దేవుడూ శ్లోకాలూ ఎందుకండి? సెటిల్ అయ్యాక వాడే తెలుసుకుంటాడు కదా?"

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. పిల్లల భవిష్యత్తు గురించి భయపడే వాళ్లే ఇలా అడుగుతారు. కాబట్టి నిదానంగా చూద్దాం.

అహోబిలం రాళ్ల సందుల్లో

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం సుమారు 25 కిలోమీటర్లు. ఎగువ అహోబిలం నుంచి భవనాశిని వెంట జ్వాలా నరసింహ స్వామి సన్నిధికి నడిచే దారిలో, వానలు పడే నెలల్లో తడి రాళ్లను గమనించండి. ఈకల్లా విచ్చుకున్న ఆకులతో చిన్న చిన్న మొక్కలు కనిపిస్తాయి. అవే ఫెర్న్ మొక్కలు. వాటికి పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం లేదు. బాగా ఎదిగిన ఆకు వెనక వైపు గోధుమ రంగు చుక్కలో, గీతలో ఉంటాయి. వాటిలో ఉండే పొడే ఆ మొక్క వంశం. మన స్కూలు పుస్తకాల్లో వాటిని సిద్ధబీజాలు అన్నారు.

మన నంద్యాల పొలాల్లో వేసే శనగ గింజ సంగతి వేరు. అందులో వేరు ఎటు రావాలో, మొలక ఎటు రావాలో ముందే ఏర్పడి ఉంటుంది. సిద్ధబీజం అలా కాదు, అది ఒకే ఒక్క కణం. దానికి చెవి లేదు, నరం లేదు. మరి తన మొదటి వేరు పోగును కిందికే పంపాలని దానికి ఎలా తెలుస్తుంది?

అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో స్టాన్లీ రూ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్ల తరబడి ఇదే ప్రశ్న మీద పని చేసింది. వాళ్లు తీసుకున్నది సెరాటాప్టెరిస్ రిచర్డీ అనే నీటి ఫెర్న్. దాని సిద్ధబీజం మిల్లీమీటరులో సుమారు పదో వంతు ఉంటుంది. నీళ్లలో నానిన సిద్ధబీజం మీద వెలుతురు పడితే మొలక పని మొదలవుతుంది. అయితే వెలుతురు "మొదలుపెట్టు" అని మాత్రమే చెబుతుంది. "ఇటు వెళ్లు" అని చెప్పేది భూమి ఆకర్షణ.

కొన్ని గంటల్లోనే ఆ కణంలో కాల్షియం కదలడం మొదలవుతుంది. కింది వైపు నుంచి లోపలికి వచ్చి, పై వైపు నుంచి బయటికి పోతుంది. సిద్ధబీజాన్ని తిప్పితే ఈ ప్రవాహం కూడా త్వరగానే కొత్త కింది వైపుకు సర్దుకుంటుంది. తరువాత కణంలోని కేంద్రకం కిందికి జరుగుతుంది. ఆ తరువాతే కణం రెండుగా చీలుతుంది. కింద ఏర్పడిన చిన్న కణమే వేరు పోగు అవుతుంది. ఆ పోగు మన కంటికి కనిపించేసరికి రోజులు గడిచిపోతాయి.

అసలు విషయం ఇక్కడే ఉంది. వెలుతురు పడిన మొదటి ముప్పై గంటల్లోపు సిద్ధబీజాన్ని తలకిందులు చేస్తే అది కొత్త దిక్కును తీసుకుంటుంది. ఆ గడువు దాటాక తిప్పితే ఇక దిక్కు మారదు. బయట నుంచి చూస్తే ఆ ముప్పై గంటల్లో ఏమీ జరిగినట్టు ఉండదు. పోగు లేదు, ఆకు లేదు. కానీ జరగాల్సింది అంతా అప్పుడే జరిగిపోయింది.

కడుపులో ఉన్న వాడు విన్నాడు

ఇప్పుడు భాగవతం సప్తమ స్కంధానికి వద్దాం. హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లిన కాలంలో ఆయన భార్యను నారదుల వారు తన ఆశ్రమంలో కాపాడారు. పోతనగారి భాగవతంలో ఆమె పేరు లీలావతి. నారదుల వారు ఆమెకు ఉపదేశం చేశారు. కడుపులో బిడ్డ కూడా విన్నాడు. కాలం గడిచాక తల్లి ఆ మాటలు మరిచిపోయింది. బిడ్డ మరిచిపోలేదు. ఈ సంగతిని ప్రహ్లాదుడే తన తోటి పిల్లలకు చెప్పాడు. గురువు ఒక్కరే, మాటలు అవే. తేడా ఎక్కడ వచ్చింది? ఆ బిడ్డలో మనసు అప్పుడే దిక్కు వెతుక్కుంటోంది.

అందుకే తరువాత విషం పెట్టించినా, ఏనుగులతో తొక్కించినా, కొండ మీది నుంచి తోయించినా ప్రహ్లాదుడి మనసు పక్కకు తిరగలేదు. తండ్రి తిప్పగలిగింది పిల్లవాడి ఒంటిని మాత్రమే.

ఇంకో మాట కూడా గమనించండి. ప్రహ్లాదుడు చదువు మానలేదు. చండామార్కుల దగ్గర రాజనీతి అంతా నేర్చుకున్నాడు, అడిగితే అప్పజెప్పాడు. కాబట్టి కోచింగ్ మాన్పించమని నేను అనడం లేదు. చదువు వెలుతురు లాంటిది. అది మొలకెత్తిస్తుంది. ఎటు మొలకెత్తాలో చెప్పడం దాని పని కాదు. ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టే ముందు రాయి మీద మధ్య గీత గీస్తారు. బొమ్మ పూర్తయ్యాక ఆ గీత ఎవరికీ కనిపించదు. కానీ ప్రతి దెబ్బా దాన్ని చూసుకునే పడింది.

ఎదుగుదల ఉంది, దిక్కు లేదు

1999 జులైలో కొలంబియా వ్యోమనౌక ఎస్‌టీఎస్-93 యాత్రలో ఈ సిద్ధబీజాలను అంతరిక్షానికి పంపారు. అక్కడ ఏం జరిగింది? చచ్చిపోయాయా? లేదు. కేంద్రకం కదిలింది, కణం చీలింది, వేరు పోగూ వచ్చింది. కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో వైపు వచ్చింది. ఎదుగుదల మామూలుగానే ఉంది, దిక్కు మాత్రం లేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ని. ఈ ఫలితం చదివినప్పుడు మా తరం గుర్తొచ్చింది. జీతం పెరుగుతోంది, హోదా పెరుగుతోంది, ఫ్లాట్ వచ్చింది, కారు వచ్చింది. ఎటు పోతున్నావని అడిగితే మాత్రం జవాబు లేదు. పిల్లాడు సెటిల్ అయితే చాలు అనుకునే అమ్మానాన్నలు ఈ ఒక్క ప్రయోగాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సూక్ష్మం ఉంది. భూమి చుట్టూ తిరిగే నౌకలో భూమి ఆకర్షణ లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదండి. ఆకర్షణ అక్కడా ఉంది, ఆ నౌకను భూమి చుట్టూ తిప్పుతున్నదే అది. కానీ నౌకా, అందులోని మనిషీ, సిద్ధబీజమూ అన్నీ కలిసి ఎడతెగకుండా పడుతూనే ఉంటాయి. అందుకే బరువు తెలియదు. ఒకచోట నిలబడితేనే భూమి లాగుతున్న సంగతి తెలుస్తుంది.

"దేవుడు ఉంటే నాకెందుకు తెలియడం లేదు?" అని అడిగే వాళ్లకు నేను చెప్పేది ఇదే. స్వామి లేని చోటు లేదని ప్రహ్లాదుడు చెప్పాడు, స్తంభమే దానికి సాక్ష్యం ఇచ్చింది. మనమే అన్నిటితో పాటు పడిపోతూ ఉన్నాం. రోజులో కాసేపు ఒకచోట నిలబడటానికే నియమం, సంధ్య, నామం.

ఫెర్న్ మొక్క దేవుణ్ని నిరూపిస్తుందని నేను అనడం లేదు. శాస్త్రం శాస్త్రమే. పోలిక మన కళ్లు తెరవడానికి మాత్రమే.

మరి గడువు దాటిన వాళ్ల సంగతి?

"మా వాడికి ఇరవై రెండేళ్లు, నాకు యాభై. ముప్పై గంటలు ఎప్పుడో అయిపోయాయి" అని దిగులు పడకండి. పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. సిద్ధబీజానికి గడువు ఒక్కసారే. మనిషికి అలా కాదు. అప్పటికే రాక్షస విద్య నేర్చుకుంటున్న పిల్లలే ప్రహ్లాదుడి తోటి విద్యార్థులు. గురువులు ఇంటి పనుల మీద వెళ్లిన కాస్త ఖాళీలో అతడి మాట విని వాళ్లూ మారారు. ఆరో స్కంధంలో అజామిళుడు జీవితం చివరి ఘడియలో తిరిగాడు. పెద్దయ్యాక తిరగడం కష్టమే, అసాధ్యం కాదు. చిన్నప్పుడైతే ఆ కష్టం ఉండదు. అందుకే ఇప్పటి నుంచే అంటున్నాను.

ఈ వారం ఒక్క పని చేయండి. స్కూలు బస్సు వచ్చే ముందు పది నిమిషాలు, రోజూ ఒకే చోట పిల్లలతో కలిసి కూర్చోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఒక్క శ్లోకమైనా, పదకొండు సార్లు స్వామి నామమైనా చాలు. హాస్టల్లో ఉన్న పిల్లలకు ఫోన్ చేసి మార్కులు అడిగే ముందు, ఈ రోజు స్వామిని తలుచుకున్నావా అని అడగండి. మొదట్లో ఏ మార్పూ కనిపించదు. కనిపించలేదని ఆపేయకండి. వేరు పోగు బయటికి వచ్చే లోపే దిక్కు కుదిరిపోతుంది.

అహోబిలం వెళ్లినప్పుడు ప్రహ్లాద బడి దగ్గర పిల్లలను కాసేపు కూర్చోబెట్టండి. దారిలో ఫెర్న్ ఆకు కనిపిస్తే తెంపకుండా వెనక్కి తిప్పి చూపించండి. మిగతా కథ వాళ్లే అడుగుతారు.

జై శ్రీ లక్ష్మీనరసింహ. సర్వే జనాః సుఖినో భవంతు.