మూత్రం ఆగని జబ్బు: నమాజునూ వదలకండి, నలుగురినీ వదలకండి



షుగరు ఉందని నలుగురిలో చెప్పుకుంటాం. బీపీ ఉందని చెప్పుకుంటాం. మోకాళ్ళ నొప్పుల గురించయితే గంటసేపు మాట్లాడుకుంటాం. కాని మూత్రం ఆపుకోలేకపోతున్నానన్న మాట మాత్రం కన్నకొడుకుతో కూడా అనలేం. వయసు మళ్ళినవారికి, కాన్పుల తర్వాత స్త్రీలకు, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పురుషులకు, పక్షవాతం వచ్చినవారికి ఈ బాధ కలుగుతుంది. చాలా ఇళ్ళల్లో ఉన్న జబ్బే ఇది, కాని ఎవరికి వారు తమ ఒక్కరికే వచ్చిందనుకుని కుమిలిపోతుంటారు.

మసాయిల్ అడగడానికి మా దగ్గరకు వచ్చేవారిలో ఈ సంగతి అడగదలచినవారు అందరూ వెళ్ళిపోయేదాకా ఆగుతారు. తర్వాత దగ్గరకు జరిగి, గొంతు తగ్గించి "మా అబ్బాకు" అనో, "మా అమ్మీకి" అనో మొదలుపెడతారు. వారి మాటల్లో రెండు సంగతులు తరచూ వినిపిస్తాయి. ఒకటి, బట్టలు పాక్‌గా ఉండటం లేదని నమాజు మానేశారు. రెండు, పెళ్ళికీ, జనాజాకూ, బంధువుల ఇళ్ళకూ వెళ్ళడం మానేశారు. అల్లాహ్ వీరిపై ఈ రెండింటిలో ఏదీ విధించలేదు. నమాజు మాఫీ కాలేదు, దాన్ని చేసుకునే మార్గాన్ని ఆయన సులభం చేశాడు. ఇంట్లో బందీగా ఉండమని ఎక్కడా ఆజ్ఞాపించలేదు. ఈ సంగతి తెలియకనే ఎందరో పెద్దలు తమ చివరి సంవత్సరాలను సజ్దా లేకుండా, చుట్టాల ముఖం చూడకుండా గడిపేస్తున్నారు.

జబ్బు పాపం కాదు

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఎవరో మనకు తెలుసు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధిలో వహీని రాసిన లేఖకులు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్‌లో దివ్య ఖుర్ఆన్‌ను ఒకచోట సమకూర్చిన మహనీయులు. వృద్ధాప్యంలో వారికి మూత్రం ఆగని జబ్బు వచ్చింది. చేతనైనంత వరకు చికిత్స చేసుకునేవారని, అయినా అది మించిపోయినప్పుడు వుజూ చేసుకుని నమాజు చేసేవారని వారి కుమారులు ఖారిజా (రహ్మ) ద్వారా మనకు ఉల్లేఖనం చేరింది. ఖుర్ఆన్‌ను సమకూర్చిన చేతులు గలవారికే వచ్చిన జబ్బు మనకు వస్తే అందులో సిగ్గుపడవలసిందేముంది? వారి ఆచరణలో మనకు రెండు పాఠాలున్నాయి: చికిత్స మానలేదు, నమాజూ మానలేదు.

హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తనకు రక్తస్రావం ఆగడం లేదని, నమాజు వదిలేయాలా అని అడిగారు. అది ఒక నరం నుంచి వచ్చే రక్తమని, నెలసరి కాదని వివరించి, నెలసరి రోజులు ముగిశాక శుభ్రపరచుకుని నమాజు చేయమని, ప్రతి నమాజుకూ వుజూ చేసుకోమని ఆయన ఆదేశించారు. బుఖారీలో ఈ హదీసు ఉంది. మూత్రం ఆగని వారికి, గాయం నుంచి రసి కారేవారికి, గ్యాస్ ఆపుకోలేని వారికి ధర్మవేత్తలు చెప్పిన ఆదేశాలన్నింటికీ మూలం ఇదే.

దైవప్రవక్త (స) సతీమణులలో ఒకరు ఇదే రక్తస్రావ స్థితిలో ఆయనతో పాటు మస్జిద్‌లో ఏతికాఫ్ పాటించారని, నమాజు సమయంలో కింద పళ్ళెం పెట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మస్జిద్ అపరిశుభ్రం కాకుండా జాగ్రత్త తీసుకున్నారు, ఆరాధనకూ దూరం కాలేదు. ఆనాడు పళ్ళెం చేసిన పని ఈనాడు ప్యాడ్, డైపర్ చేస్తున్నాయి.

మాజూర్ అంటే ఎవరు?

ధర్మశాస్త్ర పరిభాషలో ఇలాంటి వారిని ‘మాజూర్’ అంటారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, ఒక నమాజు వేళ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా, వుజూ చేసుకుని ఆ ఫర్జ్ నమాజు పూర్తిచేసేంత వ్యవధి కూడా మూత్రం చుక్కలు పడకుండా దొరకకపోతే ఆ వ్యక్తి మాజూర్ అవుతాడు. ఇది మొదటిసారి మాత్రమే చూసుకోవాలి. ఆ తర్వాత ప్రతి నమాజు వేళలో ఒక్కసారైనా చుక్క పడుతుంటే చాలు, మాజూర్‌గానే ఉంటాడు. ఒక నమాజు వేళ మొత్తం చుక్క పడకుండా గడిస్తే ఈ సౌలభ్యం తొలగిపోతుంది.

దగ్గినప్పుడో, నవ్వినప్పుడో, బరువెత్తినప్పుడో రోజుకు రెండు మూడుసార్లు జారేవారు మాజూర్ కారు. వారు ఆ చోటు కడుక్కుని మళ్ళీ వుజూ చేసుకోవాలి. చుక్క పడిందేమోనన్న అనుమానం మాత్రమే ఉన్నవారు అసలు పట్టించుకోకూడదు. నమాజులో గాలి వెళ్ళిందేమోనని సందేహపడే వ్యక్తి, శబ్దం వినేదాకా లేక వాసన తెలిసేదాకా నమాజు విడవరాదని దైవప్రవక్త (స) బోధించారు. నమ్మకంగా తెలిసినదాన్ని అనుమానం చెరపలేదు. పదే పదే కడుక్కోవడం షైతాన్ పెట్టే వస్వసా.

మాజూర్ అయినవారు ప్రతి నమాజు వేళకూ ఒకసారి వుజూ చేసుకోవాలి. ఆ వేళ ముగిసేదాకా మూత్రం చుక్కల వల్ల ఆ వుజూ భంగం కాదు. ఫర్జ్, సున్నత్, నఫిల్ నమాజులు చేసుకోవచ్చు, ఖుర్ఆన్‌ను తాకి పారాయణం చేసుకోవచ్చు. నిద్ర, మామూలుగా వెళ్ళే గాలి, ఎక్కడైనా రక్తం కారడం వంటి వేరే కారణం వస్తే మాత్రం వుజూ పోతుంది.

ఇక బట్టల సంగతి. బట్టకు అంటిన మూత్రం అరచేతి గుంట వెడల్పును మించి, కడుక్కుంటే లేక మార్చుకుంటే నమాజు ముగిసేదాకా మళ్ళీ తడవదన్న నమ్మకం ఉంటే, మార్చుకోవడం తప్పనిసరి. మార్చినా నమాజు మధ్యలోనే మళ్ళీ తడుస్తుందంటే అలాగే చేయవచ్చు, నమాజు అయిపోతుంది. ప్యాడ్‌కూ ఇదే సూత్రం. గొట్టం వేసి మూత్రపు సంచి తగిలించినవారు వీలైతే నమాజుకు ముందు సంచి ఖాళీ చేసుకోవాలి. రుకూ, సజ్దాలకు వంగినప్పుడు మాత్రమే మూత్రం జారి, కూర్చుని సైగలతో చేస్తే జారనివారు కూర్చుని సైగలతోనే చేయాలి. మూలశంక వ్యాధితో బాధపడుతున్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) నిలబడి, అది చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు పడుకుని నమాజు చేయమన్నారు. ఏ స్థితిలోనూ మానేయమనలేదు.

బయటికి వెళ్ళే రోజు

ఒక ఉదాహరణ తీసుకుందాం. కర్నూలులో ఉండే ఒక పెద్దాయన హైదరాబాదులో మనవరాలి నికాహ్‌కు వెళ్ళాలి. ఉదయం బస్సు, మధ్యాహ్నం షాదీఖానాలో నికాహ్, రాత్రికి తిరుగు ప్రయాణం. ఆయన మాజూర్. ఎలా వెళ్ళాలి?

ఫజ్ర్ వుజూ సూర్యోదయంతో ముగిసిపోతుంది. కాని సూర్యోదయం తర్వాత, బయల్దేరే ముందు చేసుకున్న వుజూ జొహర్ వేళ ముగిసేదాకా ఉంటుంది. ఎందుకంటే ఈ మధ్యలో ఏ ఫర్జ్ నమాజు వేళా ముగియడం లేదు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), ఇమామ్ ముహమ్మద్ (రహ్మ)ల అభిప్రాయం ఇది. బస్సులో వెనక్కి వాలి నిద్రపోకుండా, వేరే కారణంతో వుజూ పోకుండా చూసుకుంటే షాదీఖానాలో ఆయన మళ్ళీ వుజూ కోసం వెతుక్కోనక్కరలేదు. తడిసిన ప్యాడ్ మార్చుకుని, శుభ్రపరచుకుని జొహర్ చేసుకోవచ్చు.

దూరం 200 కిలోమీటర్లకు పైనే కనుక ఆయన ముసాఫిర్. జొహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు ఒంటరిగా చేస్తే రెండేసి రకాతులే. స్థానిక ఇమామ్ వెనుక చేస్తే నాలుగు. తాను మాత్రం ఆరోగ్యవంతులకు ఇమామత్ చేయకూడదు.

మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళ్ళడం కష్టమైతే జొహర్‌ను దాని చివరి వేళలో, అసర్‌ను దాని మొదటి వేళలో చేసుకోవచ్చు. ఒకే చోట, ఒకసారి ప్యాడ్ మార్చుకుని, జొహర్ ముగించి, అసర్ వేళ రాగానే మళ్ళీ వుజూ చేసుకుంటే సరిపోతుంది. మగ్రిబ్, ఇషాలకూ ఇదే పద్ధతి. రోగికి రెండు నమాజులను ఒకే వేళలో కలిపి చేసుకునే అనుమతి హంబలీ ఫిఖ్హ్‌లో ఉంది. మీరు అనుసరించే ఫిఖ్హ్ ప్రకారం మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

చేతిసంచిలో ఇవి పెట్టుకోండి: రెండు మూడు ప్యాడ్‌లు లేక డైపర్లు, ఒక జత లోబట్టలు, ఒక పైజామా లేక సల్వార్, నీళ్ళ సీసా, చిన్న తువ్వాలు, పాత పేపర్లు, ముడి వేయగలిగే కవర్లు. వాడిన ప్యాడ్‌ను పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. మస్జిద్ మరుగుదొడ్డిలో పారేస్తే గొట్టం మూసుకుపోయి అందరికీ ఇబ్బంది. బస్సులో నడవా పక్క సీటు అడగండి. షాదీఖానాలో అడుగుపెట్టగానే మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోండి. ఒత్తిడి వచ్చేదాకా ఆగకుండా రెండు మూడు గంటలకోసారి వెళ్ళి రండి.

గట్టి రక్షణ ఉన్నవారు మస్జిద్‌కు నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. మస్జిద్ తడుస్తుందన్న భయం ఉంటే ఇంట్లోనే నమాజు చేసుకోండి. దాసుడు జబ్బుపడినా, ప్రయాణంలో ఉన్నా, ఆరోగ్యంగా ఇంటి వద్ద ఉన్నప్పుడు చేసే ఆచరణల పుణ్యమే అతనికి రాయబడుతుందని బుఖారీలోని హదీసు శుభవార్త ఇస్తోంది.

చికిత్స కూడా సున్నతే

కొందరు బయటికి వెళ్ళే ముందు రోజు నుంచే నీళ్ళు మానేస్తారు. ఇది పొరపాటు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, మలబద్ధకం కూడా తోడై జబ్బు పెరుగుతుంది. తగ్గించవలసింది టీ, కాఫీలను. బీపీకి వాడే కొన్ని మాత్రలు మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి. ప్రయాణం రోజు వాటి వేళ మార్చవచ్చా అని డాక్టరును అడగండి, సొంతంగా మానకండి.

దగ్గితే, తుమ్మితే జారే బాధకు కటి కండరాల వ్యాయామం మేలు చేస్తుంది. మూత్రాన్ని ఆపుకుంటున్నట్టుగా కండరాలను బిగించి, 5 సెకన్లు పట్టి ఉంచి వదలాలి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలా చేయాలి. ఫలితం కనిపించడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఓపిక కావాలి. మూత్రంలో రక్తం, మంట, జ్వరం ఉన్నా, అకస్మాత్తుగా మూత్రం ఆగకపోయినా, కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. వయసు వచ్చింది కదా, ఇంతేలే అనుకోకండి. చాలామందికి చికిత్సతో తగ్గుతుంది.

ఇంటివారికి ఒక మాట

ఒక పల్లెవాసి మస్జిదె నబవీలో ఒక మూల మూత్రం పోయసాగాడు. జనం అతనిపైకి లేచారు. దైవప్రవక్త (స) వారిని ఆపి, అతన్ని ముగించనిచ్చి, తర్వాత ఒక బిందె నీళ్ళు తెప్పించి అక్కడ పోయించారు. ఆ మనిషికి జబ్బు లేదు, తెలియక చేశాడు. అతని పట్లే అంత మృదువుగా వ్యవహరించారంటే, జబ్బుతో చేతకాక తడుపుకున్న తల్లి పట్ల, తండ్రి పట్ల మనం ఎలా ఉండాలి?

తడిసింది నేల, కడిగితే పోతుంది. ముఖం చిట్లించి మనం అన్న మాట కడిగినా పోదు. "దుప్పటి మళ్ళీ తడిపావా?" అని పిల్లల ముందు అడిగిన రోజునుంచే చాలామంది పెద్దలు గది తలుపు వేసుకుంటారు. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరినప్పుడు వారిని విసుక్కుంటూ ‘ఉఫ్’ అని కూడా అనవద్దని అల్లాహ్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశించాడు. మన పసితనంలో వారు ఎన్ని గుడ్డలు మార్చారో మనకు గుర్తులేదు, వారు లెక్క పెట్టుకోనూ లేదు.

కాబట్టి పెళ్ళికి బయల్దేరేటప్పుడు "మీరు ఇంట్లో ఉండండి అబ్బా, మీకెందుకు శ్రమ" అనకండి. మన సుఖం కోసం అంటున్న మాటను వారి సుఖం కోసమన్నట్టు చెప్పకండి. "మీ సంచి సర్దాను, దారిలో రెండుచోట్ల ఆగుదాం, నేను మీ పక్కనే ఉంటాను" అనండి. అమ్మీకి కూతురో, కోడలో, అబ్బాకు కొడుకో తోడుండాలి. ఈ సంగతిని ఇంటి గడప దాటనివ్వకండి. ముస్లిం లోపాన్ని కప్పినవారి లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పుతాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు.

మస్జిద్ కమిటీల పెద్దలకూ ఒక మనవి. వుజూఖానా పక్కన ఒక్క కమోడ్ మరుగుదొడ్డి, లోపల గొళ్ళెం, కొక్కెం, మూతగల చెత్తబుట్ట ఏర్పాటు చేయండి. ఎన్నో ఏళ్ళుగా జుమాకు రాలేకపోతున్న ఒక పెద్దాయన దానివల్ల మళ్ళీ సఫ్‌లో నిలబడవచ్చు.

ఓ అల్లాహ్! జబ్బుతో ఉన్నవారికి స్వస్థత ప్రసాదించు. వారి నమాజులను స్వీకరించు. మా పెద్దల గౌరవాన్ని కాపాడే సద్బుద్ధిని మాకు అనుగ్రహించు. ఆమీన్.