గోడకు పసుపు

నాన్న పోయాక పేరంటాల్లో అమ్మకి పసుపు ఇవ్వడం మానేశారు. గడపకి రాయడం తనే మానేసింది. మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ తన గదికి ఏది కావాలంటే, షేడ్ కార్డులో ముద్దబంతి పసుపు మీద వేలు పెట్టింది. పెద్దావిడ గదికి తెలుపు బావుంటుందన్నాడు పెయింటరు. (తెలుపే ఎందుకు తోచిందో!)

షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాయగా 1892లో అచ్చయిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ కథలో స్త్రీకి మతి చలింపజేసిన గోడా పసుపే. ఆ గదిని ఎంచింది భర్త. కనుక ఎవరు ఎంచారన్నదే అసలు విషయమని తేల్చేద్దామనుకున్నాను. కానీ అమ్మ ఎంచుకున్నది తనకి లేదన్న రంగునే కదా! అది స్వేచ్ఛా, ఆ సంప్రదాయం ఇంకా వదలకపోవడమా?

అడిగేశాను.

"ఉత్తరపు గదే, ఎండ రాదు. ఈ రంగైతే కాస్త వెచ్చగా ఉంటుంది" అంది.

రెండో కోటు ఆరేదాకా హాల్లో పడుకుంది. రాత్రి రెండుసార్లు లేచి లైటు వేసి చూసొచ్చింది.